ఏడాదికొకసారి మంచుదారి

రోజూ మంచులో తిరిగేవాడికి మంచంటే భయం లేదు, వాడికది అలవాటు. ఎన్నడూ మంచు మొహం చూడనివాడికీ భయం లేదు. వాడికి దానితో పని లేదు. ఎటొచ్చీ ఏడాదికొకసారి, మహా అయితే రెండుసార్లు, పిల్లల సరదా తీర్చడానికి మంచుకొండ ఎక్కే మనిషికే చిక్కంతా.

అటువంటివాళ్ళు మన తెలుగువాళ్ళలో ఇప్పుడు వేలకు వేలున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్‌హోసే, సన్నీవేల్, ఫ్రీమాంట్ అనే ఊళ్ళున్నాయి. అక్కడ కొన్ని వీధుల్లో సాయంత్రం షికారు వెళితే తెలుగు మాట వినపడకుండా ఇంటికి తిరిగి రావడం కష్టం. ఆ ఊళ్ళలో శీతకాలమంటే వానాకాలమే. మంచు కురవడమన్నది దాదాపు లేదు. కాని ఆ వానమబ్బులే తూర్పుకు సాగి సియెరా నెవాడా కొండలెక్కేసరికి మంచై కురుస్తాయి. స్పానిషు భాషలో ఆ పేరుకు మంచుకొండల వరుస అనే అర్థం. శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 200 మైళ్ళ దూరాన, సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున, ఆ కొండల నడుమ టాహో సరస్సు ఉన్నది. పొద్దున కాఫీ తాగి పొడి రోడ్డు మీద బయలుదేరినవాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళకు మోకాలిలోతు మంచులో ఉంటారు. కారు అదే, టైర్లు అవే, తోలే మనిషీ అతడే. మారినదల్లా నేల.

కిందటి శీతకాలం నేను అక్కడ మా మేనల్లుడి ఇంట్లో నెల్లాళ్ళున్నాను. మా అక్కయ్య కూడా కొడుకు దగ్గరే ఉన్నది. ఆరేళ్ళ మనుమరాలు మంచుబొమ్మ చెయ్యాలని పట్టుపట్టింది. ప్రయాణం నిశ్చయమయింది. దానితోపాటే ఇంట్లో తగవూ మొదలయింది.

"మనది నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారు మామయ్యా. దీనికి ఇంకేమీ అక్కర్లేదు" అన్నాడు మేనల్లుడు.

"అక్కర్లేదంటే ఎట్లాగండీ? మంచు టైర్లు వేయించండి. లేకపోతే గొలుసులన్నా కొనండి. పిల్లనూ, అత్తయ్యగారినీ కూర్చోబెట్టుకుని వెళుతున్నాం" అన్నది కోడలు.

"రెండు రోజుల ముచ్చటకు వెయ్యి డాలర్ల టైర్లా?"

ఇద్దరూ కలిసి తీర్పు నామీద పెట్టారు. వ్యాకరణం చెప్పుకు బతికేవాడికి చక్రాల గొడవేమిటంటారేమో! మధ్యవర్తి అన్నవాడు వాది ప్రతివాదుల కంటే పిసరంత ఎక్కువ తెలుసుకోవాలి గదా. వారం రోజులు కారుతో ఇచ్చిన పుస్తకమూ, రహదారుల శాఖవారి నిబంధనలూ పాఠం చదివినట్లు చదివాను. టైర్ల దుకాణంలో మేస్త్రీని విసిగించాను. తేలిన సంగతులు ఇవి.

మంచు ఒక్కటి కాదు

తెలుగులో మనకు మంచు ఒకటే మాట. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచేదీ మంచే, పొలాల మీద పొగలా కమ్మేదీ మంచే, హిమాలయం మీద పేరుకున్నదీ మంచే. నిఘంటువు తెరిస్తే హిమం, తుహినం, నీహారం, ప్రాలేయం అని కావలసినన్ని పర్యాయపదాలు దొరుకుతాయి. బండి తోలేవాడికి కావలసిన తేడా మాత్రం వాటిలో దొరకదు.

వాడికి మంచులు మూడు. మొదటిది అప్పుడే కురిసిన దూదిమంచు. చక్రం అందులో దిగబడుతుంది. రెండవది బండ్లు తొక్కగా తొక్కగా గట్టిపడ్డ మంచు. దాని మీద చక్రం జారుతుంది. మూడవది పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన గాజుమంచు. ఇది అన్నిటికన్నా దొంగ. పల్చని పొరలా ఉండి కింది తారు నలుపే పైకి కనిపిస్తుంది. రోడ్డు తడిసి ఉన్నది కాబోలు అనుకుని పోతాము. చెట్ల నీడల్లోనూ, వంతెనల మీదా ఇది ముందుగా పేరుకుంటుంది. వంతెనకు పైనుంచీ కిందనుంచీ కూడా చలిగాలి తగులుతుంది గదా.

చిన్న లెక్క చూడండి. గంటకు 30 మైళ్ళ వేగంతో పోయే కారు, బ్రేకు పట్టిన తరువాత, పొడి తారురోడ్డు మీద సుమారు 40 అడుగుల్లో ఆగుతుంది. గట్టిపడ్డ మంచు మీద పట్టు నాలుగోవంతుకు పడిపోతుంది గనుక ఇంచుమించు 150 అడుగులు కావాలి. గాజుమంచు మీద 300 అడుగులు. బ్రేకు తొక్కాలని మనసుకు తోచి కాలు కదిలేలోపల కారు పోయే దూరం ఈ లెక్కలో కలపలేదు.

కదలడం వేరు, ఆగడం వేరు

ఇక మా మేనల్లుడి వాదం. అందులో సగం నిజమున్నది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే, రెండు చక్రాలు జారినా తక్కిన రెండూ లాగుతాయి. మంచులోనుంచి కదలడానికీ, ఎత్తు ఎక్కడానికీ అది గొప్ప సాయమే.

కాని బ్రేకుల సంగతి వేరు. ఎంత చవక కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపే విషయంలో ఖరీదైన కారుకు ఇంజను వల్ల వచ్చే లాభమేమీ లేదు. ఆపేది టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు. అరచెయ్యంత మేర నేలను అంటుకుని ఉండే రబ్బరు ముక్కలు నాలుగూ ఏమి చెయ్యగలిగితే అంతే. పైగా ఇటువంటి కారులో ఒక మాయ ఉన్నది. సులువుగా కదిలింది గనుక సులువుగానే ఆగుతుందనిపిస్తుంది. మామూలు కారు మొదట్లోనే జారి యజమానికి బుద్ధి చెబుతుంది. ఈ కారు ఆ పాఠాన్ని వాలు దిగేదాకా వాయిదా వేస్తుంది.

ఈ మాట చెప్పగానే కోడలు మొహం వికసించింది. "సరే, ఆపేదేమిటో అది చెప్పు మామయ్యా" అన్నాడు మేనల్లుడు.

టైరు మీద కొండ గుర్తు

రబ్బరు చలికి బిగుసుకుంటుంది. వేసవి టైరు రబ్బరు సుమారు 7 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగువన గట్టిపడి, నేలను పట్టడం తగ్గిపోతుంది. మంచు టైరు రబ్బరులో కలిపే పాళ్ళు వేరు. అది చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని గాట్లు లోతుగా ఉంటాయి. ఒక్కొక్క దిమ్మె మీద కత్తితో గీసినట్టు సన్నని చీలికలుంటాయి. వాటి అంచులు మంచును కరచి పట్టుకుంటాయి. ఇటువంటి టైరును మొట్టమొదట 1934లో ఫిన్లండు దేశంలో లారీల కోసం తయారుచేశారు.

టైరు పక్కభాగం మీద రెండు గుర్తులు వెతకాలి. ఒకటి "ఎం+ఎస్". బురద, మంచు అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలివి. గాట్ల ఆకారాన్ని బట్టి వేసుకునే గుర్తు ఇది. మంచులో పరీక్ష నెగ్గినందుకు ఇచ్చిన పట్టా కాదు. రెండవది మూడు శిఖరాల కొండ, అందులో ఒక మంచుపువ్వు. అమెరికా, కెనడా టైర్ల తయారీదార్లు 1999లో దీనిని ప్రవేశపెట్టారు. గట్టిపడ్డ మంచు మీద ఒక ప్రమాణ టైరుతో పోల్చి, దానికంటే బాగా ముందుకు లాగినదానికే ఈ గుర్తు వేస్తారు. అయితే అక్కడి పరీక్ష ముందుకు లాగడానికే సుమా! మలుపు తిరగడానికీ, ఆగడానికీ అది హామీపత్రం కాదు.

దుకాణంలో మూడు రకాలు చూపిస్తారు. "ఆల్ సీజన్" టైరు పేరుకు అన్ని రుతువులదీ. చాలావాటి మీద ఎం+ఎస్ మాత్రమే ఉంటుంది. "వింటర్" టైరుకు మంచులో సాటి లేదు. కాని శాన్‌హోసే వంటి వెచ్చని ఊరి రోడ్ల మీద త్వరగా అరిగిపోతుంది. ఏడాదికి రెండుసార్లు మార్పించడమూ, తీసినవాటిని దాచడమూ మరొక ఖర్చు. మూడవది "ఆల్ వెదర్". పేరులో తేడా ఒక్క మాటే గాని గుణంలో తేడా పెద్దది. దీనికి కొండ గుర్తు ఉంటుంది, ఏడాది పొడుగునా వాడుకోవచ్చు.

నా తీర్పు ఇది. ప్రతి వారమూ కొండకు పోయేవారు వింటర్ టైర్లు కొనుక్కోవలసిందే. ఏడాదికొకసారి పోయేవారు, ఉన్న టైర్లు అరిగి ఎట్లాగూ మార్చవలసి వచ్చినప్పుడు, నాలుగూ ఆల్ వెదర్ టైర్లు వేయించుకోవడం మేలు. రెండు కొత్తవీ రెండు పాతవీ కలిపితే ఒక కొస పట్టుకుంటుంది, మరొక కొస జారుతుంది. అంతవరకూ ఉన్న టైర్లతోనే పోవచ్చు గాని, గాట్ల లోతు చూసుకోవాలి. మంచు టైరుగా చెల్లాలంటే అంగుళాన్ని 32 భాగాలు చేసి అందులో ఆరు భాగాల లోతన్నా మిగిలి ఉండాలని కాలిఫోర్నియా నిబంధన. ఆ తరువాత కొనవలసినవి గొలుసులు.

చక్రానికి గొలుసు

డెల్టా పల్లెల్లో ట్రాక్టరుతో దమ్ము చెయ్యడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. బురదలో ఉత్త రబ్బరు చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. ఇనప చక్రం తగిలిస్తే నేలను కరచుకుని సాగుతుంది. అదే ఇనప చక్రంతో తారురోడ్డెక్కితే రోడ్డు పాడు, చక్రమూ పాడు. మంచు గొలుసుదీ అదే న్యాయం.

అమెరికాలో తొలినాళ్ళ మోటారు డ్రైవర్లు బురదలోనూ, మంచులోనూ టైర్లకు తాళ్ళు చుట్టుకునేవారట. అది చూసి న్యూయార్కు రాష్ట్రంలో కెనస్టోటా అనే ఊళ్ళో హారీ వీడ్ అనే ఆయన తాళ్ళకు బదులు ఇనప గొలుసులు కట్టే పద్ధతి కనిపెట్టి 1904లో పేటెంటు పుచ్చుకున్నాడు. నేటి గొలుసులన్నీ దాని సంతానమే.

ఇప్పుడు దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఇనప లింకుల గొలుసు నిచ్చెనమెట్ల వలెనో, వలకన్నుల వలెనో టైరు చుట్టూ పరుచుకుంటుంది. పట్టు దీనిదే గట్టిది. బరువూ, కుదుపూ కూడా దీనివే. రెండవది ఉక్కు తీగల కేబులు. దళసరి తక్కువ గనుక టైరుకూ కారు ఒంటికీ మధ్య చోటు తక్కువగా ఉన్న కార్లకు ఇది పనికివస్తుంది. మూడవది టైరుకు తొడిగే గుడ్డ తొడుగు. తొడగడం అతి సులువు. కాని మంచు లేని రోడ్డు తగిలితే చిరిగిపోతుంది.

ఏది కొనాలన్నది మన ఇష్టం కాదు, కారు పుస్తకం ఇష్టం. కొన్ని కార్లకు లింకుల గొలుసు కట్టనే కూడదని అందులో వ్రాసి ఉంటుంది. కడితే లోపలి బ్రేకు గొట్టాలకో, మరొకదానికో తగిలి తెగవచ్చు. మా మేనల్లుడి కారు అటువంటిదే. అందువల్ల కేబులు కొన్నారు. టైరు పక్కన 225/65 ఆర్ 17 అని ఇట్లా అంకెలుంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండవది ఆ వెడల్పులో నూటికి ఎన్నో వంతు పక్కగోడ ఎత్తు, చివరిది అంగుళాల్లో లోపలి చక్రం కొలత. పెట్టె మీద ఈ అంకెలన్నీ ఉండాలి. ఒక్కటి తప్పినా ఆ పెట్టె మనది కాదు.

గొలుసు కట్టవలసింది ఇంజను తిప్పే చక్రాలకు. ముందు చక్రాలు తిప్పే కారుకు ముందు, వెనుక చక్రాలు తిప్పే కారుకు వెనుక. నాలుగూ తిప్పే కారుకు మళ్ళీ పుస్తకమే ప్రమాణం. అద్దె కారయితే ఒప్పందం ముందు చదువుకోవాలి. గొలుసులు కట్టరాదనే షరతు చాలావాటిలో ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి దగ్గర ఒకసారి తొడిగి చూడటం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏమి లాభం? ఒక ఆదివారం ఉదయం ఎండలో, ఇంటి ముందు, భార్యాభర్తలు పని మొదలుపెట్టారు. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. కొక్కెం లోపలివైపుకు పోయింది, తీగ మెలిపడింది, మాటలు కూడా కాస్త మెలిపడ్డాయి. మూడోసారికి పావుగంటలో అయింది. "ఇదే పని చీకట్లో, మంచులో, వేళ్ళు కొంకర్లు పోతుంటే చెయ్యవలసి వస్తే?" అన్నాడు మేనల్లుడు చేతులు తుడుచుకుంటూ. ఆ వేళనుంచీ అతను ఏమీ అక్కర్లేదనే మాట ఎత్తలేదు.

రోడ్డు మీద మూడు ఆజ్ఞలు

కాలిఫోర్నియా రహదారుల శాఖవారు మంచును బట్టి దారిలో బోర్డులు పెడతారు. అవి మూడంచెలు. ఆర్-1 అంటే, నాలుగు చక్రాల డ్రైవు కార్లకు తప్ప తక్కినవాటికి గొలుసులో మంచు టైర్లో ఉండాలి. ఆర్-2 అంటే, నాలుగు చక్రాల డ్రైవు ఉండి నాలుగూ మంచు టైర్లయిన కార్లకు మాత్రమే మినహాయింపు; తక్కిన అందరూ గొలుసులు కట్టవలసిందే. మినహాయింపు ఉన్నవారు కూడా గొలుసులు కారులో పెట్టుకుని ఉండాలి. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. తరచు ఆ మూడో అంచె రాకముందే దారి మూసివేస్తారు.

గొలుసులు కట్టిన చోట వేగం గంటకు 25 గాని, 30 గాని మైళ్ళకు మించరాదు. కట్టేవారు రోడ్డు వారకు పూర్తిగా తప్పుకుని కట్టాలి. కొద్దిదూరం పోయాక ఆగి మళ్ళీ బిగించాలి. ఆజ్ఞ ముగిసిందన్న బోర్డు దాటి, ఆగడానికి చోటు చూసుకుని విప్పాలి. కూలికి గొలుసులు కట్టే మనుషులు అక్కడ ఉంటారు. వారి గుర్తింపు బిళ్ళ నంబరు చూసి రసీదు పుచ్చుకోవాలి. వారు గొలుసులు అమ్మడానికీ, అద్దెకివ్వడానికీ వీల్లేదు. గొలుసు మనదే కావాలి.

ఈ కట్టుబాట్లు ఊరికే వచ్చినవి కావు. 1846లో డోనర్ బృందమనే 87 మంది వలసదార్లు ఎడ్లబండ్ల మీద ఈ కనుమ దాటబోయి మంచులో చిక్కుకున్నారు. ఆ శీతకాలం గడిచేసరికి దాదాపు 40 మంది చనిపోయారు. 1952 జనవరిలో ఇదే కొండల్లో రెండు వందలకు పైగా మనుషులున్న రైలు మూడు రోజులు మంచులో ఆగిపోయింది. 2024 మార్చి 1న వచ్చిన మంచుతుఫానుకు ఇంటర్‌స్టేట్ 80 అనే మహా రహదారిని రోజుల తరబడి మూసివేశారు. ఎడ్లబండి కాలంనుంచి నేటిదాకా ఆ కొండ మర్యాద మార్చుకోలేదు.

వెళ్ళగలం, ఆగగలమా?

మా ప్రయాణంలో పోయేటప్పుడు ఆర్-2 బోర్డు తగిలింది. తనిఖీ మనిషి టైర్లు చూసి, గొలుసులున్నాయా అని అడిగి, పంపించాడు. మనుమరాలి మంచుబొమ్మ ముచ్చట తీరింది. మా అక్కయ్య శాలువా కప్పుకుని కిటికీలోనుంచే హిమాలయ యాత్ర చేసినంత సంతోషించింది.

చిక్కు తిరుగు ప్రయాణంలో వచ్చింది. ఆదివారం సాయంత్రం పెద్ద మంచు కురుస్తుందని వార్త. సోమవారం ఉదయం మేనల్లుడికి ఆఫీసులో ముఖ్యమైన సమావేశం. "ఆర్-2 వరకూ మనం వెళ్ళగలం. ఇప్పుడే బయలుదేరదాం" అన్నాడు.

"వెళ్ళగలం. ఆగగలమా?" అన్నది కోడలు.

అతను కొంచెంసేపు పిల్లవంక చూశాడు. తరువాత ఆఫీసుకు ఫోను చేశాడు. ఆ రాత్రి రహదారి మూసివేశారు. మర్నాడు మధ్యాహ్నం తెరిచాక, మా కారుకు అవసరం లేకపోయినా, వాలు మొదలుకాకముందే మేనల్లుడు దిగి తన చేతులతోనే కేబులు తొడిగాడు. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. దిగువన ఒక మలుపులో పెద్ద కారొకటి రోడ్డు దిగి మంచుగుట్టలో ముక్కు పెట్టి ఉన్నది. లోపలివారికి దెబ్బలేమీ తగలలేదు. దాని వెనుక తలుపు మీద నాలుగు చక్రాల డ్రైవు అన్న అక్షరాలు తళతళలాడుతున్నాయి.

ఇటువంటి ప్రయాణం పెట్టుకున్నవారు గొలుసుల పెట్టెతోపాటు మరికొన్ని వస్తువులు ఉంచుకోవాలి. తడవని చేతితొడుగులు, టార్చిలైటు, మోకాళ్ళకింద వేసుకోవడానికి పాత చాప, దుప్పట్లు, మంచినీళ్ళు, తినుబండారాలు, పూర్తిగా నింపిన టాంకి. కారు మంచులో నిలిచిపోతే ఇంజను నడిపేముందు వెనుక పొగగొట్టం చుట్టూ మంచు తీసివెయ్యాలి. గొట్టం మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు. ముందు కారుకూ మనకూ మధ్య ఎడం బాగా పెంచాలి. బ్రేకూ, స్టీరింగూ నెమ్మదిగా వాడాలి. నిదానమే ప్రధానమన్న మాట ఆ దారికే పుట్టిందనిపిస్తుంది.

ఈ వ్యాసం చదివే పెద్దల్లో చాలామంది పిల్లలు ఆ దేశంలో ఉండే ఉంటారు. ఈ శీతకాలం కొండకు వెళుతున్నామని వాళ్ళు ఫోను చేస్తే, స్వెట్టరు పెట్టుకున్నావా అని మీరు అడగకమానరు. దానితోపాటు, గొలుసులు ఒకసారి ఇంటి దగ్గర తొడిగి చూసుకున్నావా అని కూడా అడగండి.